16 మైళ్లకు మించని లాంగ్ రన్: హాన్సన్స్ మారథాన్ ప్రణాళికపై సమీక్ష

42 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారు తొలిరోజు నుంచే వినే మాట ఒకటుంది. పందేనికి ముందు ఒక్కసారైనా 32 కిలోమీటర్లు పరిగెత్తి ఉండాలని, లేకపోతే చివరి పది కిలోమీటర్లలో కాళ్లు మొరాయిస్తాయని అందరూ చెబుతారు. హాన్సన్స్ ప్రణాళిక ఈ మాటను ఖాతరు చేయదు. అందులో అతి పొడవైన పరుగు 16 మైళ్లు, అంటే 26 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పరుగు బూట్ల దుకాణాలు నడిపే కెవిన్, కీత్ హాన్సన్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఈ 18 వారాల శిక్షణను, ఆగస్టు చివరి ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం, బిగినర్ పట్టిక ప్రకారం పాటించాను. అప్పటికి నాకు హాఫ్ మారథాన్‌ల అనుభవం ఉంది. నలభై దాటిన, రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి నాలుగున్నర గంటల లోపు ఫుల్ ముగించడం జరిగే పని కాదన్న అభిప్రాయం కూడా ఉంది. ఆ అభిప్రాయాన్ని ఈ ప్రణాళిక ఏం చేసిందో ప్రధానంగా చెప్పదలచుకున్నాను.

వారానికి ఆరు రోజులు పరుగు, బుధవారం ఒక్కటే సెలవు. మంగళవారం వేగసాధన, గురువారం టెంపో, ఆదివారం లాంగ్ రన్ ఉంటాయి. మిగిలిన మూడు రోజులూ ఈజీ రన్‌లు, అంటే నెమ్మది పరుగులు. మొదటి ఐదు వారాలు శరీరాన్ని అలవాటు చేయడానికే పోతాయి. ఆరో వారం నుంచి మంగళవారాలలో 400 మీటర్లు 12 సార్లు, 800 మీటర్లు 6 సార్లు వంటి ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ చేసే వేగపు పరుగులు) మొదలవుతాయి. పదకొండో వారం నుంచి వాటి స్థానంలో మైలు చొప్పున 6 సార్లు, రెండు మైళ్ల చొప్పున 3 సార్లు, మూడు మైళ్ల చొప్పున 2 సార్లు పరిగెత్తే రోజులు వస్తాయి. వీటిని మారథాన్ పేస్ కన్నా, అంటే పందెం నాటి వేగం కన్నా, మైలుకు 10 సెకన్లు వేగంగా చేయాలి. టెంపో రోజున మాత్రం పందెం నాడు ఏ పేస్‌తో పరిగెత్తదలచుకున్నామో సరిగ్గా ఆ పేస్‌నే పట్టుకోవాలి. అది 5 మైళ్లతో మొదలై 10 మైళ్ల దాకా పెరుగుతుంది. వార్మప్, కూల్‌డౌన్ దూరాలు దీనికి అదనం. వారమంతా కలిపి చూస్తే, శిక్షణ ముమ్మరంగా సాగే వారాలలో మొత్తం సుమారు 90 కిలోమీటర్లకు చేరుతుంది.

16 మైళ్ల పరిమితికి వారు చెప్పే కారణం సరళమైనదే. లాంగ్ రన్ వారం మొత్తంలో 25 నుంచి 30 శాతానికి మించకూడదు, సమయం రెండు మూడు గంటలు దాటకూడదు. అంతకు మించితే ఆదివారం అలసట తర్వాతి వారపు సాధనను మింగేస్తుంది. అయితే ఆ 16 మైళ్లను తాజా కాళ్లతో చేయనివ్వకపోవడమే ఈ పద్ధతి ప్రత్యేకత. ముందురోజు శనివారం 8 మైళ్ల ఈజీ రన్, దానికి ముందు శుక్రవారం మరో ఈజీ రన్, అంతకు ముందు గురువారం టెంపో ఉంటాయి. మారథాన్‌లోని మొదటి 16 మైళ్లను కాక చివరి 16 మైళ్లను సాధన చేయించడమే తమ ఉద్దేశమని వారు అంటారు. వింటే ప్రకటనలాగే ఉంటుంది కానీ, ఆదివారం ఉదయం బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగినప్పుడు తొడలు పట్టేసినట్లు ఉండటంతో ఆ మాట నిజమేనని తెలిసిపోతుంది.

నా వల్ల కాదన్న నిర్ధారణ పరుగు మధ్యలో కన్నా పరుగు మొదలుకాకముందే ఎక్కువగా పుడుతుందని ఈ శిక్షణలో గమనించాను. తెల్లవారుజామున లేచేసరికి ఒళ్లు బరువుగా ఉంటుంది. ఆ బరువును చూసి మనసు ఆ రోజు ఫలితాన్ని ముందే ప్రకటించేస్తుంది. మామూలు ప్రణాళికలలో కష్టమైన పరుగుకు ముందు విశ్రాంతి రోజు ఉంటుంది కాబట్టి ఈ తీర్పును పరీక్షించే అవకాశమే రాదు. కాళ్లు తేలికగా ఉన్నాయి, బాగా పరిగెత్తాము, కాబట్టి తేలికగా ఉన్నందువల్లే పరిగెత్తగలిగామని తేల్చుకుంటాము. హాన్సన్స్ పట్టిక ఆ వెసులుబాటును తీసేస్తుంది. ముఖ్యమైన పరుగులు చాలావరకు అలసిన కాళ్లతోనే మొదలవుతాయి కాబట్టి, మొదలుపెట్టే ముందు మనకు అనిపించిన దానికీ ఆ తర్వాత నిజంగా జరిగిన దానికీ మధ్య ఉన్న దూరం వారం వారం కళ్లముందుకు వస్తుంది.

ఈ దూరాన్ని కొలవడానికి పట్టికలో లేని ఒక చిన్న పనిని నా తరఫున చేర్చుకున్నాను. ఇంటినుంచి బయలుదేరే ముందు, ఈ రోజు అనుకున్నది పూర్తిచేయగలనన్న నమ్మకం పదిలో ఎంత ఉందో నోటుపుస్తకంలో రాసేవాణ్ని. తిరిగి వచ్చాక, చేసిన పేస్‌ను దాని పక్కన రాసేవాణ్ని. కొన్ని వారాలు గడిచాక ఆ రెండు నిలువు వరుసలకూ దాదాపు సంబంధమే లేదని కనిపించింది. నాలుగు, మూడు అని రాసుకున్న రోజులలో కూడా టెంపో సవ్యంగానే ముగిసింది. ఎనిమిది అని రాసిన రోజులలో కొన్ని నీరుగారిపోయాయి. ఎవరో ప్రోత్సహించి చెప్పిన మాట అయితే దానితో వాదించవచ్చు, కానీ సొంత చేతిరాతతో వాదించడం కష్టం. ఈ ప్రణాళిక చేపట్టేవారందరికీ, స్ట్రావా యాప్‌లో పేస్ పెట్టడంతో ఆగకుండా, ఈ మొదటి వరుసను కూడా రాసుకోమని గట్టిగా సూచిస్తాను.

ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. ఒక పనిని చేయగలమన్న విశ్వాసం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా సాధించిన అనుభవం, మనలాంటివారు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, మన శరీరం ఉన్న స్థితిని మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదేనని ఆయన వాదన. మన దగ్గర వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు ఎక్కువగా మూడోదానిమీదే ఆధారపడతాయి కాబట్టి సభ నుంచి ఇంటికి చేరేలోపే వాటి ప్రభావం సగం కరిగిపోతుంది. హాన్సన్స్ ప్రణాళిక మొదటిదాన్ని, నాలుగోదాన్ని కలిపి పనిచేయిస్తుంది. ప్రోత్సాహం ఊసే ఎత్తదు. పట్టికలో మంగళవారం గడిలో ఒక దూరం, ఒక పేస్ తప్ప మరేమీ ఉండవు.

ఆ నాలుగో మూలం గురించి మరొక ప్రయోగాన్ని ప్రస్తావించాలి. శామ్యూలే మార్కోరా బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, 16 మంది చేత 90 నిమిషాల పాటు ఏకాగ్రత అవసరమైన కంప్యూటర్ పని చేయించి, ఆ తర్వాత ఇక తొక్కలేమనే దాకా సైకిల్ తొక్కించారు. మెదడుకు పనిపెట్టని రోజున సగటున 754 సెకన్లు తొక్కినవారు, ఆ పని చేసిన రోజున 640 సెకన్లకే ఆపేశారు. గుండె, కండరాల శక్తి పరంగా ఈ తేడాకు కారణం కనిపించలేదు. కష్టంగా ఉందన్న భావన మాత్రం మొదటినుంచే ఎక్కువగా నమోదైంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పరుగుకు వెళ్లేవారికి ఈ ఫలితం అనుభవంలో ఉన్నదే. అప్పుడు కాళ్లలో సత్తువ లేక కాదు, ప్రతి అడుగూ లెక్కకు మించి ఖరీదైనట్లు అనిపించడం వల్లే ఆగిపోతాము. ఆ అనిపించడాన్ని కొట్టిపారేయమని నేను చెప్పడం లేదు. అది కూడా నిజమైన భారమే. కానీ దాన్ని శరీరపు హద్దుగా పొరబడకుండా ఉండటం నేర్చుకోవచ్చు.

ఈ ప్రణాళికలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి గురువారాలు. నాలుగున్నర గంటల లక్ష్యానికి మారథాన్ పేస్ కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. ఆ పేస్‌తో 10 మైళ్లు అంటే గంటా నలభై మూడు నిమిషాలు. ముందూ వెనకా నెమ్మది పరుగు కలిపితే పనిదినాన ఉదయం రెండుంబావు గంటలు పోతాయి. నాలుగున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి, నెక్లెస్ రోడ్డులోనైతే వీధికుక్కల గుంపులను దాటడానికి తోడు కూడా ఉండాలి. అంత కష్టపడి వెళ్లినవాడికి మొదటి మూడు కిలోమీటర్లలో 6:24 అవమానకరంగా నెమ్మదిగా అనిపిస్తుంది, 6:05కు జారిపోవాలనిపిస్తుంది. పట్టిక దాన్ని ఒప్పుకోదు. నెమ్మదిగా పరిగెత్తినా, వేగంగా పరిగెత్తినా అది తప్పిన టెంపోయే. చివరి ఐదు కిలోమీటర్లలో అదే 6:24 కోసం పాకులాడవలసి వచ్చినప్పుడు మొదట్లో ఓపిక పట్టమన్నది ఎందుకో బోధపడుతుంది. కష్టపడితే తప్ప మెరుగుపడమన్న నమ్మకం కూడా, కష్టపడలేమన్న నమ్మకం లాగే, మనిషిని ఉన్నచోటే నిలిపి ఉంచుతుందని నాకు ఈ గురువారాలలోనే అర్థమైంది. ఈజీ రన్‌ల విషయంలోనూ ఇదే సంగతి. మారథాన్ పేస్ కన్నా మైలుకు ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా చేయమంటే, పక్కనుంచి ఎవరైనా దాటిపోతున్నప్పుడు నిబ్బరంగా ఉండటం మనలో చాలామందికి ఇంటర్వెల్స్ కన్నా కఠిన పరీక్ష.

హాన్సన్స్ పేరు ప్రపంచానికి బాగా తెలిసింది అమెరికన్ మారథాన్ రన్నర్ డెజీ లిండెన్ వల్ల. హాన్సన్ సోదరులు 1999లో మొదలుపెట్టిన శిక్షణ బృందంలో ఏళ్ల తరబడి సాధన చేసిన ఆమె 2011 బోస్టన్ మారథాన్‌లో రెండు సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. 2018లో అదే పందెం చలిలో, ఎదురుగాలిలో, కుండపోత వానలో జరిగింది. ఆ రోజు తన ఒంట్లో బాగా లేదని, బహుశా మధ్యలోనే తప్పుకుంటానని ఆమె తొలి మైళ్లలోనే తోటి అమెరికన్ షలేన్ ఫ్లానగన్‌తో చెప్పింది. తప్పుకునేలోగా సహాయం కావాలంటే గాలికి అడ్డుగా పరిగెత్తుతానని కూడా అంది. ఫ్లానగన్ టాయిలెట్ కోసం ఆగితే, ఆమె కోసం వేచి ఉండి తిరిగి గుంపులో కలవడానికి సాయపడింది కూడా. చివరికి 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో ఆ పందెం గెలిచింది లిండెనే. 1985 తర్వాత బోస్టన్‌లో గెలిచిన మొదటి అమెరికన్ మహిళ ఆమె. ఇది అద్భుతంగా చెప్పుకునే కథే అయినా, నాకు ఇందులో నచ్చింది గెలుపు కాదు. ఆమె తన మీద నమ్మకంతో పరిగెత్తలేదు. నమ్మకం లేదని పైకి చెప్పి కూడా తర్వాతి మైలు పరిగెత్తింది. ఈ పద్ధతి నేర్పగలిగింది కూడా అంతవరకే అనుకుంటాను: నమ్మకం కుదిరేదాకా ఆగనక్కర్లేదు, దాన్ని పక్కన పెట్టి కూడా అడుగు వేయవచ్చు.

ఇక ప్రమాదాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ప్రణాళిక సుగుణమే దాని లోపం కూడా. అనిపించిన దాన్ని లెక్కచేయవద్దని వారాల తరబడి నేర్పే శిక్షణ, లెక్కచేయవలసిన సంకేతాలను కూడా తోసిపుచ్చే అలవాటును తెచ్చిపెడుతుంది. పరుగు మొదలయ్యాక రెండు మూడు కిలోమీటర్లలో కరిగిపోయే ఒళ్లంతటి బరువు వేరు. ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే, అడుగడుక్కీ పెరిగే నొప్పి వేరు. మొదటిదాన్ని దాటవచ్చు. రెండోది ఉంటే ఆ రోజు ఇంటికి వెళ్లిపోవాలి, తగ్గకపోతే వైద్యుణ్ని కలవాలి. ఎండలో తల తిరగడం, ఒళ్లు జలదరించడం, మాట తడబడటం కనిపిస్తే అక్కడ పట్టుదలకు చోటే లేదు, వెంటనే ఆగి శరీరాన్ని చల్లబరచాలి. హద్దులన్నీ మనసు కల్పించినవేనని చెప్పే శిక్షకులను నేను నమ్మను. కొన్ని హద్దులు మనసువి, కొన్ని మాంసానివి, కొన్ని మే నెలవి.

మే నెలను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆగస్టు చివరి ఆదివారం నుంచి 18 వారాలు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ నెలాఖరు వస్తుంది. పట్టికలో అలవాటు చేసే వారాలు, ఇంటర్వెల్స్ మొదలయ్యే ఆరో వారం, మన దగ్గర రోళ్లు పగిలే ఎండల మీదే పడతాయి. తెల్లవారుజామున కూడా నేల నుంచి వేడి పోదు. జూన్‌లో వానలు మొదలయ్యాక ఉష్ణోగ్రత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అలాంటి రోజులలో పట్టికలోని పేస్‌ను అక్షరాలా పాటించడం అనవసరపు మొండితనం. ఊపిరి స్థాయిని బట్టి, అంటే చిన్న వాక్యం మాట్లాడగలిగేంత శ్రమను బట్టి టెంపో చేసి, వాచీ చూపే అంకెను తర్వాత చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మజ్జిగ, ఉప్పు నిమ్మరసం, పొడవైన రోజులలో ఓఆర్ఎస్ తప్పనిసరి. ఈ సర్దుబాట్లు చేసుకుంటే ప్రణాళిక స్వభావం చెడిపోదు, ఎందుకంటే దాని బలం అలసటను పోగుచేసే క్రమంలో ఉంది.

మరో రెండు అభ్యంతరాలున్నాయి. బిగినర్ అన్న పేరును నమ్మి తొలిసారి పరిగెత్తేవారు దీన్ని చేపట్టకూడదు. ఐదో వారానికి 24 మైళ్లకు చేరే పట్టిక, ఆరో వారంలో ఒక్కసారిగా 40 మైళ్ల దగ్గరికి ఎగబాకుతుంది. అప్పటికే వారానికి 45, 50 కిలోమీటర్లు అలవాటు లేనివారి పిక్కలు, మడమలు ఈ మెట్టు దగ్గరే దెబ్బతింటాయి. అలాగే, ఐదున్నర గంటల లక్ష్యం ఉన్నవారికి 16 మైళ్ల ఈజీ రన్ మూడున్నర గంటలు దాటుతుంది. అంటే లాంగ్ రన్‌కు ఈ పద్ధతే పెట్టుకున్న మూడు గంటల హద్దు వారి విషయంలో పనిచేయదు. అటువంటివారు వారానికి నాలుగు పరుగులతో సాగే మరో ప్రణాళికను ఎంచుకోవడం మేలు. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, షిఫ్టులలో పనిచేసేవారు వారానికి ఆరు రోజుల ఖర్చును కుటుంబంతో ముందే మాట్లాడుకోవాలి. ఇది సంకల్పంతో తీరే సమస్య కాదు, ఇంట్లో పని ఎవరు పంచుకుంటారన్నదాని మీద ఆధారపడినది.

పందెం రోజు గురించి క్లుప్తంగా చెబుతాను. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే హైదరాబాద్ మార్గంలో ఫ్లైఓవర్లు చాలా ఉన్నాయి. ఒకే పేస్‌తో సాగడం అక్కడ కుదరదు. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న సెకన్లను దిగేటప్పుడు రాబట్టుకోవాలని చూస్తే తొడలు పగబడతాయి. 26 కిలోమీటర్లు దాటాక ప్రతి అడుగూ సాధనలో చూడని దూరమే అయినా, కాళ్ల స్థితి మాత్రం ఆదివారాల నుంచి బాగా పరిచయమైనదే. ఒక్కసారిగా శక్తి హరించుకుపోవడాన్ని రన్నర్లు గోడ తగలడం అంటారు; 32 దగ్గర ఆ గోడ తగల్లేదు, 37 తర్వాత మాత్రం చాలా కష్టమైంది. నాలుగున్నర గంటల లోపే ముగించాను. ఒక్క మనిషి ఒక్క పందెం ఏ పద్ధతినీ రుజువు చేయదు కాబట్టి దీనికి అంతకు మించిన ప్రాధాన్యం ఇవ్వను. అయితే 16 మైళ్లు సరిపోతాయా అన్న ప్రశ్నకు నా సమాధానం మాత్రం స్పష్టమే: వారమంతా చేసినవారికి చాలు, ఆదివారం ఒక్కటే చేసి మిగతా రోజులు ఎగ్గొట్టేవారికి ఏమాత్రం చాలదు.

పట్టిక పుస్తక రూపంలో దొరుకుతుంది; విడిగా డబ్బు చెల్లించి కోచ్ పర్యవేక్షణలో చేసే వీలు ఉందంటారు కానీ నేను దాన్ని వాడలేదు, దాని గురించి చెప్పలేను. దూరాలన్నీ మైళ్లలోనే ఉంటాయి కాబట్టి మొదటి రోజే కిలోమీటర్లలోకి మార్చి గోడకు అంటించుకోవడం మంచిది. రెండు మూడు హాఫ్ మారథాన్‌లు ముగించి, గాయాలు లేకుండా, తన వేగం ఇంతేనని తీర్మానించుకుని కూర్చున్నవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. తెలుగు రాష్ట్రాలలో ఉండి తొలిసారి దీన్ని ప్రయత్నించేవారు ఆగస్టు పందేనికి బదులు జనవరి మూడో ఆదివారం జరిగే ముంబయి మారథాన్‌ను ఎంచుకుంటే సౌకర్యం. అప్పుడు మొదటి వారం సెప్టెంబరు మధ్యలో పడుతుంది, టెంపోలు పొడవయ్యే వారాలు నవంబరు, డిసెంబరు చలిలో వస్తాయి. ముంబయి మార్గంలోని పెడర్ రోడ్డు ఎత్తు కోసం ఈజీ రన్‌లలో ఒకదాన్ని హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎగుడుదిగుడు దారి మీదకు మార్చుకుంటే సరిపోతుంది.